జీలకర్ర వాన

ముసురుపాడులో ముసురు లేదు, పాడు మాత్రమే ఉంది. కాలవకు కొట్టకొసన ఊరు. పై ఊళ్ళవాళ్ళు తాగి, పొలాలు తడుపుకుని, గేదెల్ని కడుక్కుని, ఇంక చేసేదేమీ లేక వదిలేసిన నీళ్ళు ఇక్కడికి చేరతాయి. బావి తవ్వితే ఉప్పునీళ్ళు. అందుకే ఈ ఊళ్ళో పప్పులో ఉప్పు వేయడం గృహిణి ఇష్టానికి వదిలేశారు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు మునిసిపాలిటీ ట్యాంకరు రావలసిందే. అది రాని రోజున ముసురుపాడులో బిందెలు మూగవి, మనుషులకు మాత్రం నోళ్ళు లేస్తాయి.

ఇలాంటి ఊళ్ళో తాడిబోయిన మేఘనాథం ఇరవై ఒక్క ఏళ్ళుగా వానలు కొలుస్తున్నాడంటే, బోడిగుండువాడు దువ్వెనలు పోగుచేసుకుంటున్నట్టుందని వీధివాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాడు ఆయన. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. అంచు విరిగిన గాజు గరాటా, గీతలు అరిగిన సీసా కాలేజీవాళ్ళు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకుని, డాబా మీద పిట్టగోడ పక్కన నిలబెట్టాడు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలవడం, నోటుబుక్కులో రాయడం. దేశమంతటా వానని కొలిచేది ఆ వేళకే కాబట్టి మేఘనాథం డాబా మీదా అదే వేళ. ఏడాదిలో మూడువందల రోజులు రాసేది సున్నాయే. అయినా ఆ సున్నా కూడా గుండ్రంగా, ముచ్చటగా రాసేవాడు.

ఇది ఒక్కడి పిచ్చి కాదు, ఇంటిల్లిపాదిదీ. ఇల్లాలు సత్యవేణిది మబ్బుల విభాగం. మబ్బులకు ఇంగ్లీషు పేర్లు ఆవిడకు నచ్చవు. "ఇవాళ అన్నీ అట్లేనండీ, పల్చగా పోశాడు" అనేది. తొమ్మిదో తరగతి పాసైన కూతురు తుషారది గాలి విభాగం. వెదురు కర్రకు పాత పావడా గుడ్డ కట్టి అది ఎటు ఎగిరితే అటు రాసేది. మేఘనాథం అత్తగారు నాంచారమ్మది మోకాళ్ళ విభాగం. కుడి మోకాలు సలిపితే నైరుతి, ఎడమ మోకాలు సలిపితే ఈశాన్యం. రెండూ ఒకేసారి సలిపిన ఏడు తుఫాను వచ్చి ఇంటి రేకులు ఎగరేసుకుపోయింది.

ఆ ఇంట్లో వాతావరణానికి ఒకటే నియమం. మేఘనాథం నోటుబుక్కు అట్ట మీద రాసి పెట్టాడు: "కళ్ళకి కనపడింది రాయి. బుర్రకి తోచింది రాయకు." ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు ఖాళీ లేదు, ఒక్క అబద్ధం లేదు. ఆయనకు ఆస్తి అంటే అదే.

ఫిబ్రవరిలో ఒక విలేకరి వచ్చి నలుగురినీ డాబా మీద నిలబెట్టి, ఆకాశంలోకి వేలు పెట్టించి ఫొటో తీశాడు. 'వానల కుటుంబం' అని పేపర్లో పడింది. మేఘనాథం మురిసిపోయాడు. మురిసిపోవడానికి ముందు ఆ పేపరు ఇంకెవరెవరు చదువుతారో ఆలోచించాల్సింది. చదవకూడని పెద్దవాడెవరో చదివాడు. కాఫీ చల్లారేలోగా ఆయనకు ఒక ఆలోచన, ఆ ఆలోచనకు ఒక పథకం, ఆ పథకానికి ఒక శాఖ పుట్టేశాయి.

శాఖ పేరు వాతావరణ వినోద శాఖ. పథకం పేరు 'ఇంటింటా వాతావరణం'. నినాదం 'వర్షమే హర్షం'. ముసురుపాడులో ఉన్న మూడువేల ఎనిమిది వందల పన్నెండు కుటుంబాలూ ప్రతి ఉదయం వాతావరణాన్ని గమనించాలి. గమనిస్తే చాలదు, ఆనందించాలి. ఆనందిస్తే చాలదు, రాయాలి.

జిల్లా వాతావరణ వినోదాధికారిగా ప్రభంజనరావు వచ్చారు. పేరులో పెనుగాలి ఉంది కానీ మనిషి ఒట్టి ఉక్కపోత. ప్రారంభసభలో ఆయన అన్నారు: "కుటుంబసభ్యులందరును కలిసి ఆనందించవలెను. ఆనందించుటలో అశ్రద్ధ వహించిన వారిపై తగు చర్య తీసుకొనబడును."

ఇంటికొక నీలం ప్లాస్టిక్ గరాటా, ఒక సీసా, ఒక రిజిస్టరు ఇచ్చారు. రిజిస్టర్లో ఐదు గడులు: వర్షం, ఆకాశం, వాసన, విశేషాలు, ఆనందం. ఆఖరి గడికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలి. రాసిన పేజీని రోజూ పదింటిలోగా ఫోన్లో ఫొటో తీసి ఆఫీసుకు పంపాలి. గరాటాలు మాత్రం వారం తిరక్కుండానే ప్రజోపయోగంలోకి వచ్చాయి. కొందరు నూనె వంపుకున్నారు. ఒకాయన చెవుడొచ్చిన తండ్రి చెవిలో పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. తండ్రి కూడా వినోద శాఖను మెచ్చుకున్నాడు.

మేఘనాథం ఇంటికి మాత్రం 'నోడల్ కుటుంబం' అని గుమ్మానికి బోర్డు కొట్టారు. వీధిలో నూడుల్ కుటుంబం అనేవారు.

పక్కింటి మంగతాయారు మొదటివారంలో ఒక పొరపాటు చేసింది. నిజం రాసింది. ఆనందం గడిలో ఐదు వేసింది. మర్నాడే ప్రభంజనరావు గుమ్మంలో నిలబడి నియమావళి విప్పారు. "ఆనందము ఆరుకు తగ్గిన కుటుంబమును అధికారి స్వయముగా సందర్శించి, ఆ ఇంటి మంచినీరు ఒక గ్లాసు స్వీకరించి, పరామర్శించి, ఆనందమును పునరుద్ధరించవలెను. స్వయముగా అనగా స్వయముగానే. బయటినీరు నిషిద్ధము."

గ్లాసుడు మంచినీళ్ళు తాగి, పదింటినుంచి భోజనాల వేళదాకా 'మేఘములు – మానవ సంబంధములు' అనే విషయం మీద మాట్లాడారు. పొయ్యి మీద అన్నం మాడింది. "లేవండి బాబూ, మీ పుణ్యముంటుంది, పదికి పది వేసుకుంటా" అని మంగతాయారు చేతులు జోడించాకే ఆయన లేచారు. శాఖ చరిత్రలో అది తొలి విజయం.

ఆనాటినుంచి ఆవిడ సొంతంగా ఆనందించడం మానేసింది. ఎనిమిదిన్నర కాగానే పిట్టగోడ మీదనుంచి మెడ చాచేది.

"అన్నయ్యగారూ, ఇవాళ మనకెంత ఆనందం?"

"ఏడమ్మా."

"నిన్నా ఏడేగా? అరో పావో పెరగలేదా?"

"కరెంటు పోయిందిగా."

"సరే, నూడుల్... అదే, నోడల్ వాళ్ళు మీరెంతంటే అంత" అని మేఘనాథం పేజీని ఫొటో తీసి వీధి ఆడవాళ్ళ గ్రూపులో పెట్టేది. అక్కడినుంచి పక్క వీధికి, పక్క వీధినుంచి ఊరంతటికీ. పదింటికల్లా మూడువేల ఎనిమిది వందల పన్నెండు రిజిస్టర్లలో ఒకటే ఆకాశం, ఒకటే గాలి, ఏడు మార్కుల ఆనందం. మేఘనాథానికి ఇందులో వింతేమీ కనిపించలేదు. ల్యాబు రికార్డులో ఒకడి పేజీకి చీమ చచ్చి అంటుకుంటే, మిగతా అరవైమందీ ఆ చీమను పెన్సిలుతో గీసి తెచ్చిన బ్యాచిని ఆయన స్వయంగా చూశాడు. 'నా పేజీలో నిజమే ఉంది కదా, ఎంతమంది చూసి రాస్తే ఏం' అనుకున్నాడు.

అనుకున్న తప్పుకు శిక్షలాగా మే నెల నడిమధ్య నోడల్ కుటుంబ పెద్దలకు జిల్లా కేంద్రంలో రెండు రోజుల ఆనంద శిక్షణ పెట్టారు. ఆకాశాన్ని ఎలా చూడాలో, కిటికీలు లేని ఏసీ హాల్లో కూర్చోబెట్టి నేర్పారు. మేఘనాథం రెండు రోజులూ ఆనందంగా నిద్రపోయి, మంగళవారం మధ్యాహ్నం బస్సు దిగాడు.

వీధి మొగలో బిందెలు వరస కట్టి ఉన్నాయి. ట్యాంకరు లేదు. బిందెల వెనక నిలబడ్డ ఆడవాళ్ళు మేఘనాథాన్ని చూసిన చూపుకు ఎన్ని డిగ్రీల ఉష్ణమాపకమూ చాలదు.

"ఏమైందమ్మా?"

"మీకే తెలియాలి అన్నయ్యగారూ" అంది మంగతాయారు. "ఊళ్ళో కుంభవృష్టి పడిందట. ట్యాంకర్లు ఆపేశారు."

మేఘనాథం కాళ్ళ కింద నేల చూసుకున్నాడు. దుమ్ము. పైకి చూశాడు. నిప్పులు. ఒక్క పరుగున ఇంటికి పోయి రిజిస్టరు తెరిచాడు. ఆనాటి ఉదయం పేజీలో తుషార గుండ్రటి దస్తూరి:

"వర్షం: 46 మిల్లీమీటర్లు. ఆకాశం: నిర్మలం. వాసన: జీలకర్ర. విశేషాలు: రంగు తెలుపు. చెట్లు తడవలేదు. కారణం నాన్న చూడాలి. ఆనందం: 9."

"తుషారా! ఏంటమ్మా ఇది?"

"సీసాలో అంతే ఉంది నాన్నా. రెండుసార్లు కొలిచా."

"ఎండ మండిపోతుంటే వానెలా పడుతుందే?"

"అది బుర్రకి తోచింది నాన్నా. కళ్ళకి కనపడింది నలభై ఆరు."

మేఘనాథం భార్యవైపు తిరిగాడు. సత్యవేణి భుజాలు ఎగరేసింది. "వాసన చూస్తే నాకు ఇంగువ లేని చారు గుర్తొచ్చింది. చెప్తే మీ అట్ట మీది రూలు చూపించింది. అడుగుదామంటే అమ్మ ఊళ్ళో లేదాయె."

సరిగ్గా అప్పుడే పక్కూళ్ళో చెల్లెలి మనవరాలి సీమంతం చూసుకుని నాంచారమ్మ సంచీతో లోపలికి వచ్చింది. సంగతి విని తాపీగా కూర్చుంది.

"అయ్యో, దానికింత గోలా? నిన్న పొద్దున డాబా మీద వడియాలు పెట్టానా? పిండి చేతులు కడుక్కున్నా. అసలే నీళ్ళ కరువు, పారబొయ్యడానికి మనసొప్పలేదు. పక్కనే గరాటా, దాని కింద సీసా. శుభ్రంగా అందులో పోసి ఉంచా, సాయంత్రం కరివేపాకు మొక్కకి పోద్దామని. బస్సు టైమై మర్చిపోయా. పారబొయ్యలేదుగా అల్లుడుగారూ?"

నీళ్ళు పొదుపు చేసిన మనిషివల్ల ఊరికి నీళ్ళు ఆగిపోయాయి.

మేఘనాథం రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. ఆయనకు రెండు భయాలు. ఒకటి, గుక్కెడు నీళ్ళు లేక ఊరు మాడిపోతుంది. రెండు, ఇరవై ఒక్క ఏళ్ళ నిజంలో నలభై ఆరు మిల్లీమీటర్ల పిండినీళ్ళు కలిశాయి.

ప్రభంజనరావు చిరునవ్వుతో ఎదురొచ్చారు. "రండి, రండి! మీ ఊరు ఉత్తీర్ణమైనది. నలుబది ఆరు మిల్లీమీటర్ల వర్షము. నియమము ప్రకారము నలుబది దాటినచో పదిహేను దినములు ట్యాంకర్లు నిలిపివేయవలెను. నిలిపివేసితిమి."

"సార్, అది వాన కాదండీ. మా అత్తగారు చేతులు కడిగిన నీళ్ళు."

"తమరు వర్షమును వ్యక్తిగత దృష్టితో చూచుచున్నారు. శాఖ సగటు దృష్టితో చూచును. ఒక ఇల్లు పొరబడవచ్చును. మూడువేల ఎనిమిది వందల పన్నెండు ఇళ్ళు పొరబడునా?"

"అందరూ నా పేజీ చూసి రాశారండీ!"

"చూచి రాసినచో ఎక్కడో ఒకచోట తేడా వచ్చును. ఒక్క తేడా లేదు. ఇదియే స్వతంత్ర పరిశీలనకు తార్కాణము."

"పోనీ వాసన చూడండి సార్. జీలకర్ర! ఎక్కడైనా వాన జీలకర్ర వాసనేస్తుందా?"

"మూడువేల ఎనిమిది వందల పన్నెండు ముక్కులను కాదనుటకు నాకు ఒక్క ముక్కే కలదు."

"'కారణం నాన్న చూడాలి' అని అందరూ రాశారు కదండీ. అందరికీ నాన్నలున్నారా?"

ప్రభంజనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కళ్ళలో చెమ్మ ఉంది. ఆనాడు ఊళ్ళో ఉన్న చెమ్మ అదొక్కటే. "ఆ వాక్యము నన్ను కదిలించినది. వినోదములో పితరుల భాగస్వామ్యము నూటికి నూరుపాళ్ళు. మరే జిల్లాలోనూ లేదు."

"మరి సరిదిద్దేదెట్లా?"

"సవరణ యేదైనను రిజిస్టరు ద్వారానే రావలెను."

ట్యాంకరు రాలేదు కానీ మర్నాడు పొద్దున్నే యాంకరు వచ్చింది. మైకు పట్టుకుని బిందెల వరస ముందు నిలబడి, "ముసురుపాడులో జీలకర్ర వాన! శుభకార్యాలకు సూచనా?" అని అడిగింది. బిందె మీద చెయ్యేసిన ఒక ముసలాయన, "బెల్లం కూడా పడితే ముహూర్తం పెట్టేద్దాం" అన్నాడు. మునిసిపాలిటీవాళ్ళు అత్యవసరంగా కూడి, వానను అభినందిస్తూ తీర్మానం చేశారు. నిపుణుల సంఘం ఒకటి వచ్చి ఎండిన నేలను వాసన చూసి, "మెంతులు కూడా ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం" అని నివేదిక ఇచ్చింది. రెండో రోజుకు, వాన శబ్దం తాము విన్నామని చెప్పేవాళ్ళు బయలుదేరారు. మూడో రోజుకు, తడిసి జ్వరం వచ్చినవాళ్ళు కూడా కనపడ్డారు.

యాంకరు వచ్చిన ఉదయమే, మైకు ఇంకా వీధిలో ఉండగానే, మేఘనాథం ఎనిమిదిన్నరకు రిజిస్టరు తెరిచి విశేషాల గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "నిన్న నమోదైన 46 మిల్లీమీటర్లు వర్షం కాదు. మా అత్తగారు వడియాలు పెట్టి చేతులు కడిగిన నీళ్ళు."

రాసి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పిట్టగోడ మీదనుంచి మంగతాయారు ఫోను క్లిక్‌మంది. ఊపిరి వదిలేలోపలే ఆయనకు తను చేసిందేమిటో అర్థమైంది.

"మంగతాయారూ! ఆగమ్మా! అది పంపకు!"

"పంపేశానుగా అన్నయ్యగారూ. ఇవాళ కాస్త పెద్దదే రాశారే, ఆరో వీధివాళ్ళు అప్పుడే విసుక్కుంటున్నారు."

పదింటికల్లా మూడువేల ఎనిమిది వందల పన్నెండు అత్తగార్లు వడియాలు పెట్టి చేతులు కడిగేశారు. పెళ్ళికాని హైస్కూలు డ్రిల్లు మాస్టారి అత్తగారు కడిగింది. సన్యాసుల మఠంలో అత్తగారు కడిగింది.

మేఘనాథం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళేసరికి ప్రభంజనరావు గదిలో అటూ ఇటూ నడుస్తున్నారు.

"అద్భుతము! మా ఇంటి రిజిస్టరులోనూ ఇదియే ఉన్నది. మా అత్తగారు స్వర్గస్థులై పన్నెండేండ్లు. అయినను ఆ ఎత్తునుండి వర్షము కురిపించుటకు సౌలభ్యము ఎక్కువే గదా!"

"సార్, ఇప్పుడైనా చూడండి. వాన పడలేదని ఊరంతా ఒప్పుకుంది. ట్యాంకరు పంపించండి."

"పడలేదని యెవరు చెప్పినారు? పడినదెవరివలనో చెప్పినారు." ఆయన కుర్చీలో కూర్చుని కలం తీశారు. "ఇంతకాలము వర్షమునకై మనము ఆకాశముపై ఆధారపడితిమి. ఆకాశము మన పరిధిలో లేదు, దానికి నోటీసు ఇచ్చుటకు వీలులేదు. అత్తగారు పరిధిలో ఉన్నది."

సాయంత్రానికి ఊరంతా సర్క్యులరు అంటించారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ప్రతి కుటుంబములోని అత్తగారు వారమునకు ఒక పర్యాయము జీలకర్రతో వడియములు పెట్టి, హస్తప్రక్షాళన ద్వారా 46 మి.మీ.కు తగ్గని వర్షము సమకూర్చవలెను. అత్తగారు లేని కుటుంబములు పొరుగు అత్తగారితో సర్దుబాటు చేసికొనవలెను. ఊరు స్వయంసమృద్ధము అయినందున ట్యాంకర్లు శాశ్వతముగా రద్దు చేయడమైనది."

చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు కానీ నోటీసుకు భయపడి వడియాలు మాత్రం అందరూ పెట్టారు. పిండి ఉప్పుబావి నీళ్ళతో కలిపారు. ముసురుపాడు డాబాలన్నీ తెల్లబడ్డాయి. మనుషుల మొహాలు కూడా. కాస్త ఓపికున్నవాళ్ళు ఐదు మైళ్ళు సైకిళ్ళకు క్యాన్లు కట్టుకుని పై ఊరికి వెళ్ళి, గేదెలు వదిలేసిన నీళ్ళు తెచ్చుకుంటున్నారు. మూడువారాలు గడిచాయి. మంగతాయారు పిట్టగోడ దగ్గరకు వస్తోంది, ఫొటో తీసుకుంటోంది, వెళ్ళిపోతోంది. అన్నయ్యగారూ అని పిలవడం మానేసింది. మేఘనాథానికి మిగతా శిక్షలన్నిటికంటే అది బరువుగా ఉంది.

జూన్ మొదటివారంలో ఒక ఉదయం. ఇంట్లో మిగిలింది అడుగంటిన ఒక్క బిందె. నాంచారమ్మ కుడి మోకాలు నిమురుకుంటోంది. ఎనిమిదిన్నరైంది. మేఘనాథం రిజిస్టరు తెరిచి వర్షం గడిలో సున్నా వేశాడు. ఆకాశం రాశాడు. విశేషాలు ఏమీ రాయలేదు, రాస్తే అవి జరిగిపోతున్నాయి. ఆనందం గడి దగ్గర అలవాటుగా ఏడు వేయబోయాడు.

"నాన్నా" అంది తుషార. "ఇవాళ నిజంగా మనకెంత ఆనందం?"

సత్యవేణి మూడు వారాలుగా మబ్బుకు పేరు పెట్టలేదు. తుషార కర్రకు కట్టిన పావడా గుడ్డ క్యాను మూతికి వడగుడ్డగా వెళ్ళిపోయింది. మేఘనాథం రిజిస్టరు మూసి, పక్కనున్న తన పాత నోటుబుక్కు అట్ట మీది నియమం ఒకసారి చదువుకున్నాడు. మళ్ళీ తెరిచి, ఐదో గడిలో గుండ్రంగా, ముచ్చటగా సున్నా వేశాడు.

పిట్టగోడ అవతల మంగతాయారు నోరు తెరిచింది. మూడువారాల మౌనం ఎగిరిపోయింది.

"సున్నానా? అన్నయ్యగారూ! ఆయనొస్తాడు!"

"రానివ్వమ్మా."

"వస్తే గ్లాసుడు మంచినీళ్ళివ్వాలి!"

"ఇద్దాం. ఉంటే."

మంగతాయారు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత తన ఖాళీ బిందెవైపు చూసింది. ఫోను పైకెత్తి, ఎందుకైనా మంచిదని రెండు ఫొటోలు తీసింది.

పదింటికి మూడువేల ఎనిమిది వందల పన్నెండు సున్నాలు ఆఫీసుకు చేరాయి. ప్రభంజనరావు నియమావళి తెరిచారు. 'స్వయముగా' అని ఉంది. పేజీ తిప్పారు. 'స్వయముగా అనగా స్వయముగానే' అని ఉంది. ఆ వాక్యం ఆయనే పట్టుబట్టి పెట్టించుకున్నది. గొడుగు తీసుకుని జీపెక్కారు.

మొదటి సందర్శన నోడల్ కుటుంబం. "ఆనందము ఏల సున్నా అయినది?" అని కుర్చీలో కూర్చున్నారు. "ముందుగా మంచినీరు."

"నీళ్ళు లేవు నాయనా" అంది నాంచారమ్మ, పళ్ళెం ముందుకు జరిపి. "వడియాలున్నాయి. నువ్వు పెట్టమన్నవే. కాస్త ఉప్పెక్కువైంది, ఏమనుకోకు."

ఆయన మర్యాదకు రెండు తిన్నారు. గంటసేపు పరామర్శించారు. రెండో ఇంట్లోనూ నీళ్ళు లేవు, వడియాలున్నాయి. మంగతాయారు పచ్చిమిరపకాయలు దండిగా వేసింది. మూడో ఇంట్లో వేయించి పెట్టారు. నాలుగో ఇంటికి వచ్చేసరికి 'మేఘములు' అనబోతే 'మే మే' అని మాత్రమే వచ్చింది. జీపులో సీసా ఉంది. బయటినీరు నిషిద్ధము. ఐదో ఇంటి అరుగు మీద కూలబడి ఆఫీసుకు ఫోను చేశారు.

"ట్యాంకరు పంపు."

"క్షమించాలి సార్" అన్నాడు అవతలి గుమస్తా. "ముసురుపాడు స్వయంసమృద్ధం. శాశ్వత రద్దు."

"ఆ ఉత్తర్వు రాసినది నేనే!"

"అందుకే సార్, దాన్ని దాటే ధైర్యం నాకెక్కడిది?"

"నీరు లేనిదే పరామర్శ చెల్లదు! పరామర్శ చెల్లనిచో ఊరిలో ఆనందము సున్నా. ఆనందము సున్నా అయినచో మన శాఖయే..." ఆయన ఆగారు. ఉద్యోగంలో మొదటిసారి ఆయనకు గొంతు నిజంగా ఎండింది. గొంతు ఎండితే గ్రాంథికం పలకదు. "ఒరే బాబూ, నీకు దణ్ణం పెడతా. ట్యాంకరు పంపరా!"

గుమస్తా జాలిపడ్డాడు. ఫైల్లో దారి వెతికాడు. 'పరామర్శ సామగ్రి' కింద, ఇంటికి ఒక గ్లాసు లెక్కన, గ్లాసులు తొణకకుండా రవాణా చేయడానికి ఐదు ట్యాంకర్లు మంజూరయ్యాయి.

మధ్యాహ్నం మూడింటికి వీధి మొగలో హారను మోగింది. బిందెలన్నిటికీ ఒక్కసారిగా నోళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు ముందు బిందెలు నింపుకుని, ఆ తర్వాత ఒక్కొక్క గ్లాసు ముంచి ప్రభంజనరావు ముందు వరసగా పట్టుకు నిలబడ్డారు. మొదటి గ్లాసు ఆయన ప్రాణంగా తాగారు. ఐదోది మర్యాదగా తాగారు. ఇరవయ్యోది నియమం ప్రకారం తాగారు. ముప్పై ఒకటోది తాగి లేవబోతుంటే లోపల అలల చప్పుడు వినపడింది.

"అమ్మలారా, తక్కినవారు రేపు..." అంటుండగా బుర్ర మీద టప్‌మని ఒక చినుకు పడింది.

"చెప్పలా? కుడి మోకాలు పొద్దుట్నుంచీ సలుపుతోందని!" అని డాబా మీదనుంచి నాంచారమ్మ కేక.

ఆ వెనక వచ్చింది అసలు వాన. జీలకర్ర లేదు, మెంతులు లేవు. మట్టివాసన వేసే నికార్సయిన వాన. ఊళ్ళోని మూడువేల చిల్లర నీలం గరాటాలు వంటిళ్ళలోంచి, కొట్లలోంచి, ఒక ముసలాయన చెవిలోంచి బయటికి వచ్చి బిందెల మూతుల్లో దిగాయి. వినోద శాఖ ఇచ్చిన వస్తువు వానకు పనికిరావడం అదే మొదలు.

ప్రభంజనరావు వీధి నడుమ నిలబడి తడుస్తున్నారు. చంకలో గొడుగు ముడుచుకునే ఉంది.

"గొడుగు తెరవండి సార్, తడిసిపోతున్నారు" అన్నాడు మేఘనాథం.

"తెరవరాదు" అన్నారాయన, కనుబొమ్మల మీదనుంచి కారుతున్న నీళ్ళలోంచి. గొంతు తడిశాక గ్రాంథికం తిరిగి వచ్చింది. "రేపు ఉదయము ఎనిమిదిన్నరకు నమోదగు వరకు ఇది వర్షము కాదు. వదంతి."

వదంతి తెల్లవార్లూ కురిసింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు మేఘనాథం కలం, రిజిస్టరు పట్టుకుని డాబా ఎక్కాడు. పిట్టగోడ పక్కన గాజు గరాటా లేదు, సీసా లేదు. కింద వసారాలో నాంచారమ్మ ఆ గరాటాతోనే ఆవకాయ జాడీలోకి నీళ్ళు పట్టి, సీసా నిండా పట్టి, మూత బిగించి కూర్చుంది.

"ఇల్లంతా వెతికా అల్లుడుగారూ, ఖాళీ గిన్నె దొరకలా. మంచి వాన కదా, వదిలెయ్యడానికి మనసొప్పలేదు."

ఇరవై ఒక్క ఏళ్ళలో కొలవని మొదటి వాన. మేఘనాథం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నెత్తి తడిగా ఉంది. ఎందుకో నవ్వొచ్చింది. సత్యవేణి ఆకాశంవైపు చూసి, "ఇవాళ ఊతప్పాలండీ, ఉల్లిపాయలతో సహా" అంది. తుషార రిజిస్టరు లాక్కుని రాసింది:

"వర్షం: కొలవలేదు, గరాటా లేదు. ఆకాశం: ఊతప్పం. వాసన: మట్టి. విశేషాలు: కారణం అమ్మమ్మ చూడాలి. ఆనందం: 10."

పిట్టగోడ మీద ఫోను క్లిక్‌మంది. పదింటికల్లా ఊళ్ళో మూడువేల ఎనిమిది వందల పన్నెండు ఇళ్ళలో గరాటాలు లేవు, కొలతలూ లేవు. కొలత లేనిచోట వర్షం సున్నా అని నియమావళి. వర్షం సున్నా అయిన ఊరు కరవు ఊరు. అత్తగార్లు కూడా కురిపించలేకపోయినట్టు నమోదు కాబట్టి తీవ్ర కరవు ఊరు. మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది: రోజుకు రెండు ట్యాంకర్లు.

మొదటి ట్యాంకరు మోకాటిలోతు నీళ్ళలో పడవలాగా ఈదుకుంటూ, హారను కొట్టుకుంటూ వీధిలోకి వచ్చి మేఘనాథం ఇంటి ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా! నీళ్ళు! బిందెలు తెచ్చుకోండి!" అని అరిచాడు.

నాంచారమ్మ గుమ్మంలో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నిలబడింది.

"బిందెలు ఖాళీ లేవు నాయనా. మీ ఆఫీసులో ఇంకా మూడువేల ఏడువందల ఎనభై ఒక్క గ్లాసులు తాగాల్సిన పెద్దమనిషి ఉన్నాడు. అటు తోలుకెళ్ళు."